ఒక్కతె అయితే వచ్చింది, ఇద్దరైతే వచ్చారు

తెలుగు లెక్చరర్లుగా కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు హనుమకొండలో మా ఇంటికి వస్తారు. పద్యం ఎట్లా చదివితే పిల్లలకు పడుతుంది, వ్యాకరణం ఎట్లా చెప్తే నిద్రపోకుండా ఉంటారు అని అడుగుతారు. నేను చెప్పే జవాబు వాళ్లకు పెద్దగా నచ్చదు. ఈ ఉద్యోగంలో పద్యాలకు దొరికే సమయం తక్కువ. చెప్పీ చెప్పీ గొంతు పోతుంది, దిద్దీ దిద్దీ కళ్లు పోతాయి. మిగిలిన ఓపిక అంతా, నా విషయంలో మాత్రం, మనుషులను ఏమని పిలవాలన్న తగాదాలోనే పోయింది.

ఇది చెప్తే నవ్వుతారు. సర్వనామం కోసం తగాదా ఏమిటంటారు. కానీ ఒక క్రియ చివర ఏ అక్షరం రావాలన్న దాని దగ్గర ఒక తెలివైన పిల్ల చదువు ఆగిపోవడం నేను దగ్గరుండి చూశాను. నా ఉద్యోగంలో చెప్పుకోదగ్గది అదే. ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు ఎవరికీ అక్కరకు రావు కాబట్టి వాటి జోలికి పోను. నేను పనిచేసిన చోటు పేరు కూడా రాయను. అప్పటి వాళ్లలో కొందరు ఇంకా ఉన్నారు, మరికొందరి పిల్లలు ఉన్నారు.

దుకాణంలో వ్యాకరణం

మాది వరంగల్‌లో మట్టెవాడ. మా నాయినకు బట్టల దుకాణం ఉండేది. సెలవుల్లో నేను గల్లాపెట్టె పక్కన కూర్చుని చదువుకునేదాన్ని. జరీ అంచు చీర గడప దాటితే మా నాయిన లేచి, "దొరసాని అచ్చిండ్రు, కుర్సీ ఎయ్యిర" అని గుమాస్తాను కేకేసేవాడు. ముతక చీర కట్టుకున్న మనిషి వచ్చి, బేరం కుదరక వెళ్లిపోతే, "అది కొనేది లేదు, పెట్టేది లేదు, ఉత్తగనే చీరలన్ని ఇప్పిచ్చింది" అనేవాడు. ఇద్దరూ ఆడవాళ్లే. ఒకరికి బహువచనం, ఒకరికి అది. మా నాయిన చెడ్డవాడేం కాదు. అప్పుకు కూడా బట్ట ఇచ్చి పంపేవాడు. బజారంతా అట్లాగే మాట్లాడేది, మా అమ్మ కూడా అట్లాగే మాట్లాడేది.

కాలేజీలో చేరాక నాకు ఈ లెక్క ఇంకోరకంగా ఎదురైంది. మా డిపార్ట్‌మెంట్‌లో అప్పటికి నేనొక్కదాన్నే ఆడమనిషిని. పొద్దున్నే అటెండర్ వరండాలో నిలబడి, "సార్ వచ్చిండ్రు" అనేవాడు మగ లెక్చరర్ ఎవరొచ్చినా. నేను వస్తే "మేడం వచ్చింది" అనేవాడు. నా కంటే చిన్నవాళ్లు, నా దగ్గర చదువుకుని ఉద్యోగంలో చేరినవాళ్లు కూడా "వచ్చిండ్రు". నేను మాత్రం "వచ్చింది". బస్సు వచ్చింది, వాన వచ్చింది, మేడం వచ్చింది. కొన్నాళ్లు ముల్లులా గుచ్చుకుంది. తర్వాత అలవాటైపోయింది. ఉద్యోగం చేసే ఆడవాళ్లకు అలవాటు చేసుకోవడానికి అంతకంటే పెద్దవి చాలా ఉండేవి ఆ రోజుల్లో.

మా హెడ్డు నరహరాచార్యులు గారు. అందరూ ఆచారి గారనేవాళ్లం. వ్యాకరణంలో అంతటి మనిషిని నేను మళ్లీ చూడలేదు. పుస్తకం అడిగితే లేదనేవారు కాదు. ఆడమనిషికి వ్యాకరణం క్లాసు ఎందుకని మిగతావాళ్లు అంటే, "ఆమెకు వచ్చు, ఆమే చెప్తుంది" అని నాకే ఇప్పించిన మనిషి. ఆయన వల్ల నేను ఎంత నేర్చుకున్నానో, ఆయన వల్ల ఎంత అలసిపోయానో, రెండూ నిజమే.

స్వరూప అడిగిన మాట

డెబ్భయ్యో దశకం చివర్లో ఒక ఎం.ఏ. క్లాసు. ఆరోజు పాఠం మహత్తు, అమహత్తు. తెలుగు చదివినవాళ్లకు తెలిసిందే. మగవాళ్ల పేర్లు మహత్తులు. పశువులు, రాళ్లు, చెట్లు అమహత్తులు. మరి ఆడవాళ్లు? ఏకవచనంలో అమహత్తుతో పోతారు, బహువచనంలో మహత్తుతో పోతారు. బోర్డు మీద రాశాను. రాముడు వచ్చాడు. ఎద్దు వచ్చింది. సీత వచ్చింది. కింద మళ్లీ రాశాను. ఎద్దులు వచ్చాయి. ఆడవాళ్లు వచ్చారు.

వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. పేరు స్వరూప. కేసముద్రం నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునేది. వాళ్లమ్మ అక్కడి మార్కెట్ యార్డులో కూలికి గింజలు చెరుగుతుందని నాకు తెలుసు.

"మేడం, అంటే ఒక్కదాన్నే ఉంటె నేను ఎద్దు లెక్కనా? ఇంకొకామె వచ్చి పక్కన నిలబడితె అప్పుడు మనిషినైతనా?"

క్లాసంతా గొల్లుమంది. స్వరూప నవ్వలేదు. జవాబు కోసం నిలబడే ఉంది.

"వ్యాకరణం ఎవరినీ తక్కువ చేయదమ్మా. జనం ఎట్లా మాట్లాడుతారో అది రాసి పెడుతుంది, అంతే" అన్నాను. అది పుస్తకంలో ఉండే జవాబు. తప్పు కూడా కాదు.

"జనం అందర్నీ ఒక్క తీరు అంటలేరు గద మేడం. మా ఊళ్లె దొరసాని ఒక్కతే అచ్చినా 'అచ్చిండ్రు' అంటరు. మా అవ్వ అస్తె 'అచ్చింది' అంటరు. మా నాయిన అస్తె 'అచ్చిండు' అంటరు, ఆయనకు గూడ 'అచ్చిండ్రు' లేదు. ఇది ఒట్టి ఆడ మగ యవ్వారం కాదు. అందరికీ 'వచ్చారు' అంటె ఏం పోతది?"

గంట కొట్టారు. పిల్లలు వెళ్లిపోయారు. నేను బోర్డు తుడవకుండా కాసేపు నిలబడ్డాను. దుకాణంలో నేను చూసి ఊరుకున్నదాన్ని ఆ పిల్ల సూత్రం చేసి చెప్పింది.

చర్చ పేరుతో జరిగింది

ఆ మాట క్లాసులో ఆగలేదు. అప్పట్లో వరంగల్‌లో ఏ మాటా క్లాసులో ఆగేది కాదు. వారం తిరక్కుండా గోడల మీద ఎర్ర రంగుతో, "అందరికీ వారు" అని రాతలు వెలిశాయి. దాని పక్కనే ఎవరో బొగ్గుతో, "మా కుక్క గారు వచ్చారు" అని రాశారు. చివరికి డిపార్ట్‌మెంట్ తరఫున చర్చాగోష్ఠి పెట్టారు. ఆచారి గారు అధ్యక్షులు.

ఒకతను లేచి, 'తను' అనే మాట ఆడకూ మగకూ ఒకటే కదా, దాన్నే వాడుకుందామన్నాడు. ఆచారి గారు ఓపికగానే జవాబిచ్చారు.

"నాయనా, 'తను' అన్నది ముందు చెప్పినవాళ్లను పట్టుకుని నడిచే మాట. పోనీ వాడావనుకో, తను వచ్చాడా, తను వచ్చిందా? క్రియ దగ్గర మళ్లీ దొరికిపోతావు కదా."

అది నిజం. తెలుగులో ఆడా మగా తెలియకుండా ఉండాలంటే 'వచ్చారు' ఒక్కటే దారి. కానీ ఆ 'వచ్చారు'లో మర్యాద ఉంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఆడవాళ్లను 'వారు' అనడానికి ఒప్పుకునేవాళ్లు సభలో చాలామందే కనబడ్డారు. కూలివాళ్లను 'వారు' అనాలనేసరికి కుర్చీలు కదిలాయి.

విద్యార్థి నాయకుడు ఒకతను బల్ల గుద్ది మాట్లాడాడు. 'అది' అన్నది ఆడదాన్ని వస్తువు చేసే మాట అన్నాడు, సభంతా చప్పట్లు. సభ అయ్యాక నేనూ స్వరూపా గేటు బయటికి నడుస్తుంటే, చాయ్ బండి దగ్గర అతనే మాకు వీపు పెట్టి నిలబడి దోస్తులతో అంటున్నాడు.

"జర ఆగుండ్రి, అది సుత వస్తాంది. దాన్ని మనం కమిటీల ఏసుకోవాలె. మస్తు మాట్లాడుతది."

స్వరూప అతని పక్కకు వెళ్లి నిలబడింది. "అన్నా, అది వచ్చింది. కమిటీల ఉండదట" అని చెప్పి వచ్చేసింది. అతను నాలుక కరుచుకున్నాడు. పాపం, అతను స్టేజీ మీద అబద్ధం చెప్పాడని నేను అనుకోను. నోరు పాతది, ఉపన్యాసం కొత్తది.

హాస్టల్ ఆడపిల్లల్లో కూడా అందరికీ ఇది పట్టలేదు. "నన్నేమన్నా ఫికర్ లేదు మేడం, నల్లల నీళ్లు వచ్చేటట్టు చూడుండ్రి సాలు" అంది ఒకమ్మాయి. గోడ మీది రాతలు వానాకాలం దాకా ఉన్నాయి. తర్వాత వేరే గొడవలు వచ్చాయి, వాటి రాతలు వచ్చాయి. చర్చ అయిపోయిందని అందరూ అనుకున్నారు.

యార్డులో

స్వరూప వదల్లేదు. ఎం.ఏ. అయ్యాక ఎం.ఫిల్.లో చేరింది. కేసముద్రం యార్డులో పనిచేసే ఆడవాళ్ల మాట తీరు మీద పరిశోధన. గైడు నేను. ఎండలో, దుమ్ములో తిరిగి ఆ పిల్ల పట్టుకొచ్చిన మాటలు, సామెతలు, తిట్లు చూసి నాకే ఆశ్చర్యం వేసింది. అయితే సిద్ధాంత వ్యాసం మొత్తం ఒక పద్ధతిలో రాసింది. "యాకమ్మ గారు ఇలా అన్నారు." "ఈ మాట లచ్చమ్మ గారు చెప్పారు." హమాలీలకూ అదే, కాంటా పెట్టే దడువాయికీ అదే, గొప్ప గొప్ప పండితులకూ అదే.

ఆచారి గారు కొన్ని పేజీలు తిప్పి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏమమ్మా, దీన్ని మీరు చదివే పంపారా?"

"చదివానండీ."

"కూలి మనిషికి 'గారు చెప్పారు' అని రాస్తే పైవాళ్లు మన డిపార్ట్‌మెంట్‌ను చూసి నవ్వుతారు. 'ఆమె చెప్పింది' అని రాయమనండి. అందులో అగౌరవం ఏముంది?"

"పండితులకు కూడా 'చెప్పాడు' అని రాయమంటారా మరి?"

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "మీరు కూడానా" అన్నారు. అంతే. సంతకం పెట్టలేదు. ఆ రోజు నుంచి ఆయన గదికీ నా గదికీ మధ్య తిరగడమే నా పని అయింది. ఇటు నుంచి అటు ఒక మాట, అటు నుంచి ఇటు ఒక మాట. కొత్తగా చేరేవాళ్లకు చెప్తున్నాను, గైడు అంటే ఎక్కువ భాగం ఇదే.

నేను స్వరూపకు మధ్యేమార్గం చెప్పి చూశాను. మనుషుల మాటలు వచ్చినచోట క్రియ లేకుండా, పేరు పక్కన రెండు చుక్కలు పెట్టి రాసేద్దామన్నాను. ఒప్పుకోలేదు. "మీరు ఒకసారి మా యార్డుకు రాండ్రి మేడం. వాళ్లకే సదివి వినిపిస్త. వాళ్లు వద్దంటె మారుస్త" అంది.

ప్యాసింజర్ రైల్లో వెళ్లాం. మధ్యాహ్నం అన్నాల వేళ. మక్కల రాశి నీడన ఆడవాళ్లు చాటలు పక్కన పెట్టి కూర్చున్నారు. స్వరూప తల్లి లచ్చమ్మ నాకు గోనెసంచి దులిపి పరిచింది. స్వరూప చదవడం మొదలుపెట్టింది. మొదటి 'గారు' దగ్గరే ఒకామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కాసేపటికి అందరూ నవ్వుతున్నారు. లచ్చమ్మ మాత్రం నవ్వలేదు.

"ఏందే ఇది? మమ్ముల ఎక్కిరిస్తానవా?" అంది కూతురితో. "లచ్చమ్మ గారట, చెప్పిండ్రట. ఎవరన్న ఇంటె ఏమంటరు? ఈ లచ్చి ఎంత మురుస్తాంది అనరా? అది నేను గాదు బిడ్డా. ఎవరో పెద్ద మనిషి."

స్వరూప చదవడం ఆపేసింది. ఆచారి గారి ముందు తొణకని పిల్ల, అక్కడ కాగితాలు మడిచి ఒళ్లో పెట్టుకుని తల దించుకుంది. లచ్చమ్మ అన్నదాంట్లో తప్పేముంది? జన్మలో ఎవరూ ఇవ్వనిది ఒక్కసారిగా ఇస్తే వెక్కిరింపులాగే ఉంటుంది.

అంతదాకా గొంతెత్తి నవ్విన ఒకామె, యాకమ్మ, ఉన్నట్టుండి అంది.

"నాది మళ్ల సదువు."

"ఏది, యాకక్కా?"

"గదే. నేనన్నది."

స్వరూప కాగితం వెతికి తీసింది. "యాకమ్మ గారు ఇలా అన్నారు" అని చదివింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. యాకమ్మ చేతిలో ఉన్న మక్క గింజలను వేళ్లతో అటూ ఇటూ జరుపుతూ వింది. "ఊఁ" అంది. "ఉండనియ్యి" అని లేచి చాట తీసుకుని రాశి వైపు వెళ్లిపోయింది.

తిరుగు రైల్లో, వరంగల్ దగ్గర పడ్డాక స్వరూప అంది. "మా అవ్వ వద్దన్నది. యాకక్క ఉండనియ్యి అన్నది. ఇప్పుడేం జెయ్యాలె మేడం?"

"నువ్వేమనుకుంటున్నావు?"

"అవ్వకు నేను చెప్పుకుంట. యాకక్క మాట తీసేస్తె మళ్ల ఆమెకు ఏమని చెప్పాలె?"

ఒక్క అక్షరం మార్చలేదు. చివరికి గడువు దగ్గర పడ్డాక, వ్యాసంతో పంపే పై కాగితం మీద ఆచారి గారు, "భాషా విషయంలో గైడుదే బాధ్యత" అని రాసి సంతకం పెట్టారు.

మౌఖిక పరీక్ష

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు మెత్తటి మనిషి. రైలుకు వేళవుతుందని మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. వ్యాసం బాగుందన్నాడు, సేకరణ అపూర్వం అన్నాడు. "ఈ గౌరవవాచకాలు కాస్త తగ్గిస్తే సరిపోతుందమ్మా" అన్నాడు చివర్లో.

"ఎవరికి తగ్గియ్యాలె సార్?"

"ఈ కూలివాళ్లకు, హమాలీలకు. పండితులకు ఉండనీ."

స్వరూప తన ముందున్న వ్యాసం మూసింది. "ఎవరు గారో, ఎవరు కాదో నా చేత్తోని నన్నే రాయమంటున్నరు. మా అవ్వ పేరు దగ్గర నేనే కొట్టేయాల్నా సార్?"

ఆచారి గారు కిటికీ వైపు చూస్తూ, "ఇది పరిశోధనా, పోరాటమా?" అన్నారు. కోపంగా కాదు, విసిగిపోయిన గొంతుతో. ఆయనా అలసిపోయారని అప్పుడు తెలిసింది నాకు.

"భాషాదోషాలు సవరించి తిరిగి సమర్పించవలెను" అని ఫలితం వచ్చింది. స్వరూప సవరించనంది. ఆ ఏడు మా దగ్గరే లెక్చరర్ పోస్టుకు పిలిచారు. చేతిలో డిగ్రీ లేక స్వరూప ఇంటర్వ్యూకు వెళ్లలేకపోయింది. ఆ ఉద్యోగం ఆమె కంటే తక్కువ చదివినవాడికి వచ్చింది. స్వరూప బడిపంతులమ్మ ఉద్యోగం చూసుకుని కేసముద్రం దగ్గరి ఒక పల్లెకు వెళ్లిపోయింది. వ్యాసం నా బీరువాలో ఉండిపోయింది.

కొన్నేళ్లకు ఆచారి గారు రిటైరయ్యారు. కొత్త హెడ్డు వచ్చాడు. ఒకరోజు నేను ఆ వ్యాసాన్ని ఉన్నదున్నట్టు తీసుకెళ్లి, తిరిగి సమర్పణ అని చెప్పి బల్ల మీద పెట్టాను. చెప్పాల్సిన వాదనలన్నీ దారిలో మనసులో సర్దుకుంటూ వెళ్లాను. ఆయన ఎవరితోనో మాట్లాడుతూ, "ఎక్కడ పెట్టాల్నండి?" అని అడిగి సంతకం పెట్టేశాడు. తెరిచి చూడనైనా లేదు. పేపరు మీద సిరా ఆరేదాకా నేను అక్కడే నిలబడి ఉన్నాను. గెలిచామో ఓడామో నాకు ఇప్పటికీ తెలియదు. ఆచారి గారు కనీసం చదివి కాదన్నారు. చదివి కాదనేవాళ్లతో పోరాడటానికి ఓపిక కావాలి. చదవకుండా ఔననేవాళ్ల ముందు ఆ ఓపిక ఎందుకూ పనికిరాదు. ఈ ఉద్యోగంలో మీకు రెండో రకమే ఎక్కువ తగులుతారు.

పల్లెలో బడి

సర్టిఫికెట్ వచ్చాక నేనే తీసుకుని స్వరూప పనిచేసే ఊరికి వెళ్లాను. రెండు గదుల బడి. నేను వెళ్లేసరికి వరండాలో ఉన్న పిల్లలు, "టీచర్, ఎవరో మేడం వచ్చింది" అని లోపలికి అరిచారు.

స్వరూప నవ్వుతూ బయటికి వచ్చింది. సన్నబడింది. కళ్లకింద నల్లగా ఉంది. సర్టిఫికెట్ తీసుకుని చూసి, మడిచి బ్యాగులో పెట్టుకుంది. సంతోషపడిందనీ చెప్పలేను, బాధపడిందనీ చెప్పలేను. చాయ్ తెప్పించింది.

"మిమ్ముల ఏమన్నరో ఇన్నరు గద మేడం. నన్ను గూడ అట్లనే అంటరు. నేనేమన" అంది.

"మరి అప్పుడు అంత..."

"అప్పుడు ఓపిక ఉండె. ఇప్పుడు పొద్దుగాల లేస్తె వంట, బడి, మళ్ల వంట. ఒక్కొక్కరి నోరు ఎక్కడ దిద్దుకుంట పోత?" చాయ్ గ్లాసు కింద పెట్టింది. "కాని పిల్లలను నేను 'మీరు' అంట మేడం. ఆడపిల్లలను, మగపిల్లలను, అందర్నీ. మొదట్ల నేను పిలుస్తె వెనక్కి తిరిగి చూసేటోళ్లు, ఎవలన్న పెద్దోళ్లు వచ్చి నిలబడ్డరేమో అని."

"ఇప్పుడు?"

"ఇప్పుడు చూస్తలేరు."

గంట కొట్టారు. నన్ను కూడా లోపలికి రమ్మంది. పలకలు పట్టుకుని పిల్లలు నేల మీద కూర్చున్నారు. ఎక్కువమంది కూలివాళ్ల పిల్లలే. స్వరూప ఎక్కం అడుగుతూ ముందు వరసలో ఒక చిన్నపిల్ల వైపు చెయ్యి చూపింది.

"కొమురమ్మా, మీరు చెప్పుండ్రి."

ఆ పిల్ల పలక పక్కన పెట్టి లేచి, చేతులు కట్టుకుని, గట్టిగా ఒక జవాబు చెప్పింది.

"తప్పు చెప్పిండ్రు. కూసోండ్రి" అంది స్వరూప.

కొమురమ్మ ఎటూ చూడకుండా కూర్చుని, పలక మీద లెక్క మళ్లీ వేసుకోవడం మొదలుపెట్టింది.